గిడ్డంగి కొలువు: బస్తాలు లెక్కించుటయేనా?

మొన్న దాళ్వా కోతలు ముగిసిన తరువాత, మధ్య డెల్టాలోని ఒక గ్రామములో రైతు సేవా కేంద్రము వద్ద ధాన్యపు నిల్వను గురించి మాట్లాడి కూర్చొనబోవుచుండగా ఒక పెద్ద రైతు లేచి ఇట్లు అడిగిరి:

"మా అబ్బాయి బీయెస్సీ చదివాడండి. గోదాము ఉద్యోగానికి పరీక్ష రాస్తానంటున్నాడు. బస్తాలు లెక్కెట్టడానికి బీయెస్సీ ఎందుకండీ? ఆ లెక్క మా పాలికాపు చెప్పడా?"

అందరును నవ్విరి, నేనును నవ్వితిని. నాకు తోచిన రెండు మాటలు చెప్పి కూర్చుంటిని గాని, ఇంటికి పోయిన తరువాత ఆ సమాధానము చాలదనిపించినది. అప్పుడు చెప్పక మిగిలిపోయినది ఇక్కడ వ్రాయుచున్నాను. ఇది ఆయన ఒక్కరి సందేహము కాదు. చదివిన కొడుకులు, కూతుళ్లు ఉన్న రైతు కుటుంబములలో చాలమంది గిడ్డంగి కొలువును గుమాస్తా పనికి ఒక మెట్టు క్రిందను, కూలి పనికి ఒక మెట్టు పైనను ఉంచి చూతురు. ఈ చూపు సరియైనది కాదు.

స్వర్ణ రకము వేసినచో పంట మీ పొలములో ఐదు నెలలు ఉండును. ఆ ఐదు నెలలు నీరు, ఎరువు, పురుగు, తెగులు అని మీరు కన్ను మూయరు. కోసి, నూర్చి, బస్తా కట్టి లారీకి ఎక్కించిన నాటితో ఆ గింజ కథ ముగిసినదనుకొందురు. కాని గింజ చచ్చిపోలేదు. అది గాలి పీల్చుచునే యుండును. వేడిని, తేమను వదలుచునే యుండును. పొలములో ఉన్న ఐదు నెలలకంటె గిడ్డంగిలో ఉండు కాలము తరచుగా ఎక్కువ. ఒక్కొక్కప్పుడు ఏడాది దాటును. అన్నాళ్లును దానిని చూచుకొను మనిషి ఒకడు కావలెను. పొలములో రైతు ఎట్టివాడో గిడ్డంగిలో ఆతడట్టివాడు. ఆతని పొరపాటుకు నష్టపడునది ఒక ఎకరము కాదు, వేల బస్తాలు.

పురి నుండి గిడ్డంగి వరకు

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన తరువాత ఈ డెల్టాలో తిండికి మించిన ధాన్యము పండసాగినది. అయినను చాలకాలము నిల్వ యంతయు రైతు ఇంటివద్దనే ఉండెడిది. ముంగిట గడ్డి వెంటితో చుట్టిన పురి, ఇంటిలో గాదె, మోతుబరులకు విడిగా ధాన్యపు కొట్టు. పురి కట్టుట తెలిసినవాడు ఊరికి ఇద్దరు ముగ్గురే ఉండెడివారు. వాన నీరు లోనికి దిగకుండ, పందికొక్కు అడుగున తొలవకుండ కట్టుటలో వారికి గొప్ప నేర్పు. గిడ్డంగి పనికి మన ప్రాంతములో పూర్వీకులెవరని అడిగినచో వారినే చెప్పవలెను.

ఇంటి నిల్వలో ఒక చిక్కు ఉండెను. అప్పు ఉన్న రైతు పురి కట్టుకొనలేడు. కళ్లములోనే షావుకారుకు కొలిచి ఇచ్చి, ధర పెరిగిన నెలలలో చేతులు కట్టుకొని చూచెడివాడు. 1954లో వెలువడిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలన సంఘము నివేదిక ఈ సంగతిని ప్రముఖముగ ఎత్తి చూపినది. దాని ఫలితముగా 1956లో గిడ్డంగుల చట్టము, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో మన రాష్ట్ర గిడ్డంగుల సంస్థ వచ్చినవి. 1965 జనవరిలో భారత ఆహార సంస్థ ఏర్పడినది. ధాన్యము దాచి రసీదు పొందుట, ఆ రసీదుపై బ్యాంకులో అప్పు తెచ్చుకొనుట, ధర వచ్చినప్పుడు అమ్ముకొనుట అను మూడు పనులు సామాన్య రైతుకు సాధ్యము కావలెననునదే ఆ చట్టము ఉద్దేశము.

గిడ్డంగిలో చోటు లేకున్న ఏమగునో మన డెల్టాయే ఒకసారి చూచినది. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిన సంగతి మీకు జ్ఞాపకముండును. దానికి కారణములు పెక్కు. ధర గిట్టలేదు, కూలి పెరిగినది, మురుగు కాలువలు పూడినవి. బాసుమతి కాని బియ్యము ఎగుమతిపై 2008 నుండి ఉన్న నిషేధము 2011 సెప్టెంబరు వరకు తొలగలేదు. నిల్వలు కదలక, చోటు దొరకక ధాన్యము కొనుగోలు మందగించినదన్న ఫిర్యాదు కూడ వానిలో ఉండెను. గిడ్డంగిలో ఒక దొంతి కదలకున్న, ఎక్కడో పొలములో ఒక మడి బీడుపడును. గిడ్డంగి కొలువును తేలికగా మాట్లాడువారు ఈ సంవత్సరమును తలచుకొనవలెను.

తేమ తెలియనివాడు గిడ్డంగికి పనికిరాడు

ఈ పనిలో మొదట నేర్వవలసినది తేమ. తక్కినవన్నియు దాని తరువాతివే.

కోత మిషనులు రాక పూర్వము చేను కోసి, పనల మీద ఆరబెట్టి, కుప్ప వేసి, కొన్నాళ్ల తరువాత నూర్చెడివారము. గింజ ఆ నడుమ తనంతట తానే ఆరెడిది. ఇప్పుడు మిషను ఉదయము చేనులో దిగిన సాయంత్రమునకు గింజ ట్రాక్టరులో ఉండును. సార్వా కోతలు తుపాను కాలములో, అనగా నవంబరు, డిసెంబరులలో పడును. పచ్చి గింజ రాశిలోనే వేడెక్కి రంగు మారును. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యమునకు తేమ 17 శాతము వరకు అనుమతింతురు. కాని నెలల తరబడి నిల్వ చేయుటకు 14 శాతము దాటరాదు. ఈ మూడు శాతముల తేడాలోనే గిడ్డంగివాని కష్టము, రైతు నష్టము, ఇరువురి తగవు ఉన్నవి.

లెక్క చూడుడు. 17 శాతము తేమ గల 100 క్వింటాళ్ల ధాన్యములో నీరు 17 క్వింటాళ్లు, గట్టి పదార్థము 83 క్వింటాళ్లు. ఆరబెట్టి తేమను 14 శాతమునకు దించిన గట్టి పదార్థము తగ్గదు గాని, మొత్తము బరువు సుమారు 96 క్వింటాళ్ల 51 కిలోలకు దిగును. అనగా దాదాపు 349 కిలోలు, 75 కిలోల లెక్కన నాలుగున్నర బస్తాలకు పైగా ఆవిరియై పోయినవి. ఎవరును దొంగిలించలేదు, ఎలుకయు తినలేదు. ఈ లెక్క తెలియని గిడ్డంగి ఉద్యోగి తరుగు కనబడినప్పుడు బెదరిపోవును. ఈ లెక్క తెలియని రైతు కాటాదారును దొంగ యనును. మూడు శాతము తగ్గిన మూడు క్వింటాళ్లే కదా తగ్గవలెను అనువారు, మిగిలిన బరువు కూడ మారినదని మరచుచున్నారు.

ఈ విషయములో నా తప్పు ఒకటి చెప్పెదను. ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరము నన్ను ఒక కొనుగోలు కేంద్రములో తేమ చూచుటకు నియమించిరి. ఒక వృద్ధ రైతు రెండు ట్రాక్టర్ల ధాన్యము తెచ్చిరి. మిషను 19 చూపినది. ఆరబెట్టి తెండని చెప్పితిని. ఆయన నాలుగు గింజలు నోట వేసుకొని కొరికి, "పంటికింద టక్కుమంటన్నాయండీ. మీ మిషనే తడిసిందేమో చూడండి బాబూ" అనిరి. పంటి సాక్ష్యమును నేను లెక్క చేయలేదు. ఆ రాత్రియే వాన వచ్చినది. బరకము కప్పినను రాశి అడుగున నీరు చేరినది. వారము తరువాత ఆ మిషనును మరియొక మిషనుతో సరిపోల్చి చూచిన, రెండు పాయింట్లు ఎక్కువ చూపుచున్నట్లు తేలినది. పరీక్షలలో తేమ గూర్చి నాకు మంచి మార్కులే వచ్చినవి. కాని సీజను ఆరంభమున మిషనును సరిచూపించుకొనవలెనను చిన్న పని నాకు తోచలేదు. ఆ రైతు తరువాత కనబడినప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. అది నాకు మరింత కష్టముగా నుండెను.

కనుక గిడ్డంగిలో చేరదలచిన యువకుడు మిషనును నమ్మవలెను, మిషనును అనుమానింపవలెను. ప్రతి సీజను మొదట సరిచూపించుకొనవలెను. నమూనా పై బస్తా నుండి మాత్రమే తీయరాదు. పరఖీ యను ఇనుప గొట్టమును దొంతి నాలుగు ప్రక్కలను గుచ్చి, పై వరుస, నడిమి వరుస, క్రింది వరుస నుండి గింజలు తీసి కలిపి చూడవలెను. అరచేత పోసి వాసన చూడవలెను. ముక్కిన వాసన మిషనుకు తెలియదు, మన ముక్కునకే తెలియును.

దొంతి కట్టుట, గాలి ఆడించుట

గిడ్డంగి నేల చుట్టుప్రక్కల భూమికంటె రెండు మూడు అడుగుల ఎత్తున ఎందుకుండునో డెల్టావారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదను చూచినవారు మీలో ఇంకను ఉన్నారు. ఎత్తైన నేలపైనను బస్తాను నేరుగా వేయరాదు. క్రింద కర్ర చట్రములు గాని, ప్లాస్టిక్ చట్రములు గాని పరచవలెను. అవి లేనిచోట వెదురు చాపల నడుమ పాలిథిన్ పట్టా వేయవలెను. నేలలోని చెమ్మ గోనె గుండా ప్రాకి అడుగు వరుసను పాడుచేయుట మన నల్లరేగడి నేలలలో నిత్యమును చూచుచున్నదే.

స్టాకు అని గోదాములో పిలుచు దొంతి సాధారణముగా 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉండును. నేలపై ముందుగానే గీతలు గీసి యుంచుదురు. గోడకును దొంతికిని నడుమ మనిషి నడచునంత, అనగా రెండున్నర అడుగుల చోటు విడువవలెను. సందు విడువని గిడ్డంగిలో పురుగు ఎక్కడ పుట్టినదో, చూరు ఎక్కడ కారుచున్నదో కనుగొనలేము. బస్తాల మూతులు లోపలి వైపునకు ఉండవలెను. ఒక వరుస నిలువుగ, మరియొక వరుస అడ్డముగ పేర్చిన దొంతి ఒకదానినొకటి పట్టుకొనును. వంకరగా పేర్చిన దొంతి జారి మనుషులపై పడును. ఇట్లు ప్రాణములు పోయిన సందర్భములు దేశములో ఉన్నవి.

గాలి విషయములో చాలమంది పొరబడుదురు. తలుపులు, గాలి కిటికీలు ఎల్లప్పుడు తెరచియుంచుట మంచిదని తలంతురు. ఆగస్టు, సెప్టెంబరులలో మన కోస్తా గాలిలో తడి ఎంత ఉండునో ఉప్పు డబ్బాను చూచిన తెలియును. అట్టి రోజున కిటికీలు తెరచిన, 14 శాతమునకు ఆరిన గింజ గాలిలోని తడిని మరల త్రాగును. బయటి గాలి పొడిగను, లోపలి గాలికంటె చల్లగను ఉన్న వేళనే తెరచి, తడి వేళలందు మూయవలెను. ఇది గంట కొట్టినట్లు చేయు పని కాదు, ప్రతిదినము ఆకాశము చూచి నిర్ణయించుకొను పని. దాళ్వా ధాన్యము వేసవిలో నిల్వకు వచ్చి ఈ తడి నెలలను దాటవలసి యుండుటచే దానికి ఈ జాగ్రత్త మరియు అవసరము.

మందు పెట్టుట: ఇక్కడ ప్రాణముతో పని

ధాన్యమును నుసి పురుగు, వడ్ల చిలుక పాడుచేయును. బియ్యములో ముక్కు పురుగు, పిండి పురుగు పెరుగును. వీనిని పదునైదు రోజులకొకసారి వెదకుట గిడ్డంగి సాంకేతిక ఉద్యోగి విధి. దొంతి మూలలందు పిండి రాలినదా, గోనెపై పురుగు నడచుచున్నదా, సాయంత్రము దీపము చుట్టును చిలుకలు తిరుగుచున్నవా అని చూచి పుస్తకములో వ్రాయవలెను. పురుగు లేని కాలములో గోడలకు, నేలకు, దొంతి పైకి మలాథియాన్ గాని డెల్టామెత్రిన్ గాని చల్లుదురు. పూర్వము గిడ్డంగులలో వాడిన బి.హెచ్.సి. 1997లో నిషేధింపబడినది. డైక్లోర్‌వాస్ కూడ 2020 డిసెంబరు 31 తరువాత వాడుటకు వీలులేదు. పాత డబ్బా మూలన మిగిలియున్నదని దానిని తీసి చల్లువారు తప్పు చేయుచున్నారు.

పురుగు పట్టిన దొంతికి పొగ పెట్టవలెను. దీనికి అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు వాడుదురు. మూడు గ్రాముల మాత్ర గాలిలోని తేమ తగిలి ఒక గ్రాము ఫాస్ఫిన్ వాయువును విడుచును. దొంతిని రంధ్రము లేని దుప్పటితో కప్పి, అంచులపై ఇసుక పాములు పరచి, మాత్రలను లోపల ఉంచి, సుమారు ఏడు రోజులు కదల్పకుండ ఉంచుదురు. ఈ వాయువు గింజ లోపలనున్న పురుగు గ్రుడ్డు వరకు చేరును. మనిషి ఊపిరితిత్తులకు కూడ అంతే సులువుగా చేరును. దీనికి విరుగుడు మందు లేదు. వెల్లుల్లి కుళ్లినట్టి వాసన వచ్చును గాని, వాసన రాలేదు కనుక వాయువు లేదని నమ్మరాదు. తలనొప్పి, వాంతి, గుండె బరువు కలిగిన వెంటనే బయటికి వచ్చి ఆసుపత్రికి పోవలెను.

ఈ పనిని ఒక్కడు ఎన్నడును చేయరాదు. ఇద్దరుండవలెను. తగిన డబ్బా గల ముసుగు ధరింపవలెను. గుడ్డ కట్టుకొనుట ముసుగు కాదు. మాత్రలపై నీరు పడరాదు, పడిన మంట లేచును. దుప్పటి తీసిన తరువాత తలుపులన్నియు తెరచి గాలి ఆడనిచ్చి, వాయువు లేదని పరికరముతో చూచిన మీదట మాత్రమే హమాలీలను లోనికి పంపవలెను. మిగిలిన బూడిదను ఊరికి దూరముగా, నీటికి దూరముగా పాతిపెట్టవలెను. లారీ తొందరలో ఉన్నదని ఆరవ రోజున దుప్పటి తీయమను పై అధికారి ఉండవచ్చును. అట్టివానికి కాదని చెప్పగల ధైర్యము లేనివాడు ఈ కొలువుకు రాకుండుట మేలు.

ఇక్కడ రైతులతో కూడ ఒక మాట. ఈ మాత్రలను ఎవరో తెచ్చి ఇచ్చిరని ఇంటిలో బియ్యపు బస్తాలలో పెట్టి, ఆ గదిలోనే పిల్లలను పడుకొనబెట్టి కుటుంబములు నశించిన వార్తలు మీరును చదివియుందురు. ఇది ఇండ్లలో వాడదగిన మందు కాదు. పది, ఇరువది మాత్రల చిన్న గొట్టముల అమ్మకమును ప్రభుత్వము నిషేధించినది. ఇంటి బియ్యమునకు బాగుగ ఎండబెట్టుటయు, ఎండు వేపాకును చాలును.

సంతకము పెట్టువాని భారము

ఇంతవరకు చెప్పినది చదువుతోను, అలవాటుతోను వచ్చును. ఇక చెప్పబోవునది స్వభావముతో వచ్చునది.

గిడ్డంగి అధికారి తాళము చెవి పుచ్చుకొన్న నాటి నుండి లోపలి ప్రతి బస్తాకు పూచీదారు. తేమ తగ్గుటచే వచ్చు సహజమైన తరుగును లెక్కలు చూపి ఒప్పించవచ్చును. ఒప్పించలేని తరుగు ఆతని జీతములో నుండి కోతపడును, ఉద్యోగమే పోవచ్చును. అందుచే కొందరు తరుగును కప్పిపుచ్చుటకు దొంతులపై రాత్రివేళ నీరు చల్లుదురు. బరువు లెక్కకు సరిపోవును, గింజ మాత్రము కుళ్లును. ఆ కుళ్లిన బియ్యము చివరకు చౌకధరల దుకాణములో ఒక పేద ఇంటి సంచిలో పడును. ఈ పని చేయువాడు దొంగకంటె హీనుడని నా అభిప్రాయము, ఏలననగా దొంగ బస్తాను తీసుకొనిపోవును గాని మిగిలిన దొంతిని పాడుచేయడు.

కాటా దగ్గర, తేమ మిషను దగ్గర చేయి చాచువారును, చేతిలో పెట్టువారును ఉందురు. ఒక పాయింటు తేమను తగ్గించి వ్రాయుట చిన్న ఉపకారముగా కనబడును. తడి బస్తా నడిమి వరుసలో చేరి చుట్టునున్న పది బస్తాలను వేడెక్కించినప్పుడు ఆ ఉపకారము ఎవరికి చేసినదో తెలియును. మీ కుమారునికి మొగమాటము ఎక్కువైనచో ఇది ముందే ఆలోచింపుడు. ఊరి వారినందరిని బంధు వరుసలు పెట్టి పిలుచు మన ప్రాంతములో, సొంత ఊరికి దగ్గరి గిడ్డంగి వరమనుకొందురు గాని, నా మటుకు నేను తొలి ఐదేండ్లు దూరపు ఊరే మంచిదందును. బాబాయిగారి ధాన్యము వెనుకకు పంపుట చాల కష్టము.

జట్టువారి మాట

గిడ్డంగి కొలువనగానే ఆఫీసు గదిని మాత్రమే చూచుట న్యాయము కాదు. అక్కడ ఎక్కువమంది చేయునది మోత పని. హమాలీ జట్టు లేనిదే ఒక్క బస్తా కదలదు. కాకినాడ రేవులో బార్జీలకు బియ్యము ఎక్కించు కళాసీలు, తాడేపల్లిగూడెములో వ్యాగనులు దింపువారు, మిల్లులలో ధాన్యము మోయువారు అందరును ఈ వృత్తివారే. చాలచోట్ల బస్తాకు ఇంత అని కూలి. పని ఉన్ననాడు చేతినిండ డబ్బు, సరుకు రానినాడు ఏమియు లేదు. 75 కిలోల ధాన్యపు బస్తాను వీపున వేసుకొని పలకమీదుగ దొంతిపైకి ఎక్కు మనిషి నడుము ఎన్నాళ్లు నిలుచును? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఒక మగవాడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని సిఫారసు చేసినది. బియ్యము బస్తా 50 కిలోలకు దిగినది. ధాన్యపు బస్తాను కూడ చిన్నది చేయుట అందరికిని మేలు. ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కొరకు మన రాష్ట్రములో 1976లో ఒక చట్టము కూడ చేయబడినది. జట్టులో చేరువారు తమ పేరు కార్మిక శాఖ రికార్డులో ఉన్నదా, ప్రమాద బీమా, భవిష్యనిధి తమకు వర్తించునా అని మేస్త్రీని, కాంట్రాక్టరును మొగమాటము లేక అడుగవలెను.

ఒక సంగతి చెప్పక తప్పదు. చదివిన ఉద్యోగులు జట్టువారి నుండి నేర్చుకొనునది చాల ఉన్నది. బస్తా భుజాన పడగానే "ఇది తడిదండి" అని చెప్పు మనిషిని నేను చూచితిని. పది సార్లలో తొమ్మిది సార్లు ఆతని మాట నిజమయ్యెడిది.

ఎవరు ఎక్కడ చేరవచ్చును

కేంద్ర గిడ్డంగుల సంస్థలో కనిష్ఠ సాంకేతిక సహాయకుని ఉద్యోగమునకు వ్యవసాయములో డిగ్రీ గాని, జంతుశాస్త్రము, రసాయన శాస్త్రము, జీవ రసాయన శాస్త్రములలో ఒకటి పాఠ్యాంశముగా గల డిగ్రీ గాని అడుగుచున్నారు. భారత ఆహార సంస్థలో సాంకేతిక విభాగమునకు వ్యవసాయము లేక సంబంధిత విజ్ఞాన శాస్త్రముల డిగ్రీ, డిపో విభాగమునకు ఏదైన డిగ్రీతో పాటు కంప్యూటరు పరిచయము అడిగిరి. ఆ సంస్థ 2022లో దేశమంతట ఐదు వేలకు పైగా ఖాళీలకు ప్రకటన ఇచ్చినది. ఇట్టి ప్రకటనలు ఏటేటా రావు. వయస్సు గత ప్రకటనలలో సాధారణముగా 27, 28 ఏండ్లు దాటరాదు, నిబంధనల ప్రకారము సడలింపులు ఉన్నవారికి తప్ప. కనుక డిగ్రీ ముగిసిన వెంటనే సిద్ధపడవలెను. ఆడపిల్లలు ఈ పనికి తగరనుట వట్టి మాట. నమూనా పరీక్షలోను, లెక్కలలోను వారు ఎవరికిని తీసిపోరు. బస్తా మోయుట సాంకేతిక సహాయకుని విధి కానే కాదు.

పొగ పెట్టు పనిలో స్వతంత్రముగా స్థిరపడదలచినవారు హైదరాబాదు రాజేంద్రనగరులోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో 15 రోజుల శిక్షణ పొందవచ్చును. ధాన్యపు నిల్వపై లోతుగా నేర్చుకొనుటకు ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్‌లో 1958లో మొదలైన ధాన్య నిల్వ పరిశోధన సంస్థ ఉన్నది. మనకు దగ్గరలో బాపట్లలోని కోతానంతర సాంకేతిక కేంద్రమును ఒకసారి చూచి వచ్చినను మేలే.

ప్రైవేటు గిడ్డంగులు, మిల్లులు, బ్యాంకుల తాకట్టు సరుకును కాపాడు కంపెనీలు డిగ్రీ లేనివారిని కూడ తీసుకొనుచున్నవి. జీతము తక్కువ, పూచీ ఎక్కువ. అయినను రెండేండ్లు పని నేర్చుకొనుటకు మంచి బడి. పట్టణముల చెంత వస్తువులు ఇంటికి పంపు కంపెనీల గిడ్డంగులు కూడ వెలిసినవి. అక్కడ గింజ పని లేదు, వేగమే పని.

నాకు ఎక్కువ ఆశ గలది మాత్రము ఊరి సహకార సంఘముల గిడ్డంగులపై. 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వము సహకార సంఘముల స్థాయిలో ధాన్యపు గిడ్డంగులు కట్టు పథకమును ఆమోదించినది. భవనము ఎవరైన కట్టవచ్చును. దానిలో తేమ తెలిసిన మనిషి లేనిచో అది సిమెంటు పురి మాత్రమే. సంఘము అధ్యక్షులును, గ్రామాధికారులును ఊరిలోని చదివిన యువకుని ఒకనిని ముందుగా శిక్షణకు పంపి, తరువాత పునాది త్రవ్వుట మంచిది.

రైతులకు రసీదు సంగతి తెలియవలెను. 2007 చట్టము క్రింద 2010లో ఏర్పడిన గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ ప్రాధికార సంస్థ వద్ద నమోదైన గిడ్డంగిలో ధాన్యము దాచిన, 2017 నుండి ఎలక్ట్రానిక్ రసీదు లభించుచున్నది. కాగితము చిరుగునను భయము లేదు, దానిపై బ్యాంకు అప్పు ఇచ్చును. కేంద్ర సంస్థ గిడ్డంగులలో రైతులకు నిల్వ రుసుములో 30 శాతము తగ్గింపు ఇచ్చు పద్ధతి ఉన్నది. అడిగి తెలిసికొనుడు. అడుగనివానికి ఎవరును పిలిచి ఇవ్వరు.

ఇక ఆ పెద్ద రైతుగారి అబ్బాయికి, ఆతని వంటివారికి ఒక్క సూచన. ఉద్యోగము వచ్చి ఛార్జి పుచ్చుకొనునాడు పాత అధికారి "అన్నీ సరిగా ఉన్నవి, సంతకము పెట్టండి" అనును. టీ కూడ తెప్పించును. టీ త్రాగుడు గాని సంతకము పెట్టకుడు. ప్రతి దొంతి వద్దకు పోయి పొడవు, వెడల్పు, ఎత్తు బస్తాలలో ఎంచి, దొంతి కార్డులోని సంఖ్యతో సరిపోల్చుడు. నడుమ బస్తాలు లేక డొల్లగా కట్టిన దొంతులు ఉండవచ్చును. పైకి ఎక్కి చూడుడు. ప్రతి దొంతి నుండి మీరే స్వయముగా తేమ తీసి తేదీతో వ్రాయుడు. కాటాపై ముద్ర గడువు, మంటలార్పు పరికరముల గడువు చూడుడు. మందుల గదిలోని మాత్రల డబ్బాలు లెక్కింపుడు. దీనికి రెండు రోజులు పట్టిన పట్టనిండు. తేడా ఉన్నచో ఎంత ఉన్నదో అంకెలలోను, అక్షరములలోను వ్రాసి, పాత అధికారి చేత దానిపై సంతకము చేయించి, ఒక ప్రతిని మీ ఇంటిలో దాచుకొనుడు.